పదకొండేండ్లు

ఆదివారం రాత్రి తొమ్మిది దాటినంక
మెహిదీపట్నంల ఫసీహుద్దీన్
తన కండ్లద్దాల దుకాణం షట్టర్ సగం దించుతడు.
మిగిలిన సగం కిందికెళ్ళి వంగి లోపలికి పోవాలె,
ఎవరు ఎంత రాజ్యం గెలిచి వచ్చినా సరే.

నలుగురం. ఆట ఎవరింట్ల వాళ్ళదే.
ఇక్కడికి తెచ్చేది ఫోన్ల తీసిన ఫోటోలు.
తెరను ఫోటో తీస్తే ట్యూబ్‌లైట్ అందుల పడుతది,
నా దక్కన్ మీద ఎప్పుడూ ఒక తెల్లటి నది,
ఏ పటంలనూ పేరు లేనిది.

జోయెల్‌ది పోర్చుగల్. మిరియాల ధర తప్ప మాట్లాడడు.
హైమవతిది స్వీడన్. గడ్డ కట్టిన సముద్రం మీద
ఫిరంగులు ఎట్ల నడిపిందో చెప్తుంటే
ఏప్రిల్ నెలల, ఫ్యాన్ కింద, నోరు తెరిచి వింటం.
ఫసీహ్ మాత్రం ఎడారి అంచున ఒక్క ఊరికి రాజు.
ప్రతి వారం అడుగుతం, ఏమైంది?
"ఏం కాలే. ఉన్న," అంటడు,
అని ఒక అద్దం తీసి తుడుస్తడు.

నాది గోల్కొండ.
టోలిచౌకిల మూడో అంతస్తు, బాత్రూం కిటికీల నుంచి
అసలుది కొంచెం కనిపిస్తది,
పక్కింటి నీళ్ళ ట్యాంకుకూ కేబుల్ వైర్లకూ నడుమ.
తెర మీద దానికి మూడు బురుజులు పెంచిన.
ఖజానాల నాలుగు వేల బంగారు నాణేలు.
ఐదో తారీఖు ఓనరమ్మ తలుపు కొడుతది,
రెండ్రోజులు ఆగమంట.

పోయిన నెల, అంటే పదహారు వందల ముప్పై నాలుగుల,
రాజుకు కొడుకు పుట్టిండు.
పాలన ఆరు, రాయబారం ఐదు, యుద్ధం ఆరు.
తొంభై ఏండ్లల అసొంటోడు పుట్టలే.
పేరు ఆటనే పెట్టింది: దిలావర్.
రాత్రి రెండింటికి ముగ్గురికీ ఫోటో పంపిన.
"దిష్టి తియ్యి," అన్నది హైమవతి.
జోయెల్ తెల్లారినంక అదే ఫోటో వాపస్ పంపిండు,
గోరంత బొమ్మకు బుగ్గ మీద నల్ల చుక్క పెట్టి.

వానికి ఎనిమిదేండ్లప్పుడు, గురువారం, గాలిదుమారం.
లంగర్‌హౌజ్ దిక్కు ఏదో పేలింది.
నా ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చి రెండేండ్లయింది,
వైరు మీదనే బతుకుతది.
కరెంటు వచ్చేసరికి మూడున్నర.
తెరిచి చూస్తే ముప్పై ఒకటో సంవత్సరం.
పదకొండేండ్లు గాలికి పోయినయ్.

చచ్చిన సేనాపతి గుర్రం మీద ఉన్నడు.
మునిగిన ఓడలు మచిలీపట్నం రేవుల నిలబడ్డయ్.
కరువు ఇంకా రాలే. ఎవరికీ ఏమీ తెల్వదు.
మళ్ళ ఆడిన. అవే పన్నులు, అవే సంధులు,
యాదికున్నంత వరకు అవే అబద్ధాలు.
ముప్పై నాలుగు వచ్చింది, పోయింది.
ముప్పై ఆరుల ఒకడు పుట్టిండు: ఒకటి, రెండు, ఒకటి.
వాని తప్పేం లేదు.

ఆదివారం వంగి లోపలికి పోయి చెప్పిన.
"సేవ్ ఎందుకు చేసుకోలే," అని జోయెల్ తిట్టిండు.
హైమవతి ఏమీ అనలే, సంచిల దేనికోసమో దేవులాడింది.
ఫసీహ్ తన ఫోన్ తీసి
చూపు పరీక్ష చేసే దీపం కింద పెట్టిండు.
బుగ్గ మీద చుక్కతోని పిల్లగాడు.
రాజ్యంల లేడు. నాలుగు ఫోన్లల ఉన్నడు.

తర్వాత ఎన్నో ఆదివారాలు పోయినయ్.
బీదరు దిక్కు ఒక కోట పోయింది, చెప్పిన.
ఒకటి-రెండు-ఒకటి గద్దెనెక్కిండు,
ఉత్తరం నుంచి సైన్యం కదిలింది, చెప్పిన.
అందరూ విన్నరు. జోయెల్ మిరియాలు మొదలుపెట్టిండు.
నడుమల ఫసీహ్, తలెత్తకుంట,
"దిలావర్‌కు ఇప్పుడు ఎన్నేండ్లు?"
హైమవతి వేళ్ళ మీద లెక్కపెట్టింది, "పంతొమ్మిది."

అద్దం మీద ఊదిండు, గుడ్డతోని తుడిచిండు,
దీపానికి ఎదురు పట్టి చూసిండు.
"మా ఊరికి పంపు," అన్నడు.
"ఈడ ఏం కాదు."